ఎత్తి ఉంచిన వేలు

"స్వరం రాస్తే లోకమంతా పాడుకుంటుంది కదండీ, మనం వేళ్లు రాసుకుంటూ కూర్చోవడం దేనికి?" అని త్ర్యంబకం అడిగాడు.

పేరిభొట్ల నృసింహంగారిని అతను ఈ ప్రశ్న అడగడం అది మొదటిసారి కాదు. వీణ నేర్చుకోవడానికి కళింగపట్నం వచ్చి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో ప్రశ్న ముదిరి పాకాన పడింది గాని జవాబు మాత్రం రాలేదు. నృసింహంగారికి ప్రశ్నలంటే విరోధమేమీ లేదు. ఎవరేమడిగినా శ్రద్ధగా విని, "ఊఁ, అడగవలసిందే" అని తలూపి, మళ్లీ నూనె గుడ్డతో తీగలు తుడుచుకుంటూ ఉండిపోయేవారు. ఆ ఊళ్లో సముద్రపు గాలికి తీగ నాలుగు రోజుల్లో తుప్పు పడుతుంది కాబట్టి ఆయన చేతికి ఎప్పుడూ పని ఉండేది. జవాబు దాని కాళ్ల మీద అదే నడిచి వస్తుందని ఆయన నమ్మకం. శిష్యుడికి అంత ఓపిక లేదు.

త్ర్యంబకానికి తెలివి ఎక్కువ. అది తప్పు కాదు. తనకు తెలివి ఎక్కువని అతనికి బాగా తెలుసు, చిక్కంతా అక్కడే ఉంది.

అతని ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. ఆ సంప్రదాయంలో స రి గ మ లు రాయరు. ఏ తీగ, ఎన్నో మెట్టు, ఏ వేలు, తీగను ఎంత లాగాలి, ఇవే రాస్తారు. అంకె వేస్తే మెట్టు. గీత గీస్తే చూపుడువేలు, చుక్క పెడితే నడిమివేలు. కింద అల గీస్తే తీగను పక్కకు లాగాలని. కాగితం చూస్తే తడి ఇసుక మీద పిట్టలు నడిచి వెళ్లినట్టుంటుంది. దాన్ని చూసి ఎంత పాటగాడైనా ఒక్క ముక్క పాడలేడు, వీణ ఒళ్లో పెట్టుకుని ఆ వేళ్లు ఆ మెట్ల మీద పెడితే తప్ప పాట బయటికి రాదు. అటువంటి కాగితాలు గురువుగారి దగ్గర ఒక భోషాణం నిండా ఉన్నాయి. చెదలు పట్టకముందే వాటికి మంచి కాగితం మీద నకలు తీసే పని త్ర్యంబకానికి అప్పజెప్పారు. అప్పజెప్పేటప్పుడు ఒకే ఒక్క కట్టుబాటు చెప్పారు. నకలు తీసేవాడు చుక్క కూడా మార్చకూడదు.

అలా నకలు తీస్తూ తీస్తూ ఆషాఢంలో ఒకనాడు అతను పేరయ్యగారి కాగితం దగ్గర ఆగిపోయాడు.

పేరయ్యగారు నృసింహంగారితో కలిసి ఒకే గురువు దగ్గర చదువుకున్న మనిషి. ముప్ఫై అయిదేళ్ల కిందట చిన్న వయసులోనే పోయారు. పోయేముందు నీలాంబరిలో ఒక చిన్న రచన చేసి, తన ఊరి నుంచి టపాలో పంపారు. మీగడ రంగు కాగితం, నాలుగే నాలుగు వరసలు. ఆ నాలుగు వరసల్లోనూ ఒక్క చుక్క లేదు. నడిమివేలు హాయిగా పక్క మెట్టు మీద వాలవలసిన చోట కూడా ఈయన చూపుడువేలినే పట్టుకుని, ఉన్న మెట్టు మీదే తీగను అంతదూరం ఈడ్చమంటాడు. ఇది చాలదన్నట్టు ఆరు చోట్ల సున్నాలు. సున్నా అంటే ఆ సంప్రదాయంలో నడిమివేలు తీగకు తగలకుండా ఎత్తి ఉంచమని.

"వాయించని వేలికి కూడా గుర్తేమిటండీ?" అన్నాడు త్ర్యంబకం.

"తెలీదు నాయనా. ఆయన పెట్టాడు."

"తెలియనిదానికి నకలు తియ్యడమేమిటి?"

"తెలియదు గనకనే," అన్నారు నృసింహంగారు, తీగ తుడుచుకుంటూ.

ఈ మాట త్ర్యంబకానికి ఏమాత్రం నచ్చలేదు. పడక్కుర్చీలో కూర్చుని చెప్పే మాటలా తోచింది. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం కాబట్టి, ఆ మధ్యాహ్నం గురువుగారు కునుకు తీస్తుండగా వీణ దగ్గరికి లాక్కుని రెండు విధాలా వాయించి చూశాడు. స్వరాలు అవే. ఒక దారిలో వేలు తెగుతోంది, ఇంకో దారిలో వెన్నలా సాగుతోంది. ఇంకేం కావాలి? సున్నాలు తీసేశాడు. చుక్కలు ఎక్కడెక్కడ ఉండాలో అక్కడ పెట్టాడు. పైన స్వరాలు కూడా తీర్చి రాశాడు. పోయినాయన బద్ధకించి వదిలేసిన పని తాను పూర్తి చేశానని ఒకింత పుణ్యం కూడా అనుభవించి, మూల కాగితాన్ని భోషాణంలో అడుక్కి తోసేశాడు.

నాలుగు రోజులు తిరగకుండా ఆ కాగితం కోసమే మనుషులు వచ్చారు.

వచ్చింది పేరయ్యగారి కూతురు వేదవతి. ముప్ఫై అయిదేళ్ల మనిషి, పర్లాకిమిడి వైపు ఆడపిల్లల బడిలో సంగీతం చెబుతుంది. వెంట తల్లి సూరమ్మగారు. ఆవిడకు పన్నెండేళ్ల కిందట టైఫాయిడ్ వచ్చి చెవులు పూర్తిగా పోయాయి. పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. వస్తూనే వంటింట్లోకి వెళ్లి, అక్కడ పప్పు మాడ్చుకుంటున్న త్ర్యంబకాన్ని చూసి, "లే బాబూ, నువ్వు వీణ వాయించుకో" అని గరిట లాక్కుంది. పెళ్లాం పోయాక నృసింహంగారు ఆరేళ్లుగా తింటున్నది శిష్యుడి వంటే. ఆ పూట ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

భోజనాలయ్యాక వేదవతి అసలు సంగతి చెప్పింది.

"బాబయ్యగారూ, నాన్నగారు పోయేనాటికి నాకు మూడో నెల. ఫొటో లేదు. ఒక్క చొక్కా గుండీ అయినా లేదు. అమ్మని అడిగితే 'ఏవుంది, పోయేరు' అంటుంది. అంతే. పొడుగో పొట్టో కూడా చెప్పదు. మీ దగ్గర ఆయన రాసింది ఒకటుందని మొన్ననే తెలిసింది. అదైనా నేర్చుకుంటే ఆయన ఎలాంటివారో కొంచెం తెలుస్తుందేమోనని వచ్చేను."

ఆ మాట మామూలుగానే అంది గాని, అంటూ గోడవైపు చూసింది. నృసింహంగారు చేతిలోని నూనె గుడ్డ మడిచి పక్కన పెట్టారు. తరవాత, "త్ర్యంబకం, కాగితం అమ్మాయికియ్యి నాయనా" అన్నారు.

త్ర్యంబకం తన నకలు ఇచ్చాడు. ఇస్తున్నప్పుడు గురువుగారి కట్టుబాటు గుర్తుకొచ్చిన మాట నిజమే. కాని ఆవిడ ముఖం చూసి ధైర్యం తెచ్చుకున్నాడు. ఆవిడకు కావలసింది నాన్నగారి పాట. పాట ఇందులో మేలుగా ఉంది. తప్పేముంది?

వేదవతి వేళ్లు మంచివి. స్వరాలు కూడా రాసి ఉండడంతో వారం తిరగకముందే పాట చేతికొచ్చింది. వానలు పడీపడనట్టుండే రోజులవి. వంశధార సముద్రంలో కలిసే చోటు నుంచి మబ్బు పొగలా వచ్చి సరుగుడు తోటల మీద వాలేది. ఇంట్లో అందరూ సగం మెలకువగా, సగం నిద్రలో తిరుగుతున్నట్టుండేవారు. నీలాంబరి నిద్రపుచ్చే రాగమంటారు, దాని మహిమో, గాలి మహిమో చెప్పలేం. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆవిడ తల్లిని ఎదుట కూర్చోబెట్టుకుని పాటంతా వాయించింది. నృసింహంగారు గోడకు చేరగిలి కళ్లు మూసుకుని విన్నారు. మూడో వరసలో ఒక చోట కళ్లు తెరిచి త్ర్యంబకం వైపు ఒక్కసారి చూసి, మళ్లీ మూసుకున్నారు.

సూరమ్మగారు ఒళ్లో పత్తి పెట్టుకుని వత్తులు చేసుకుంటోంది. కూతురి చేతిని మర్యాదగా చూసింది. అయిపోయాక, "బావుంది" అని, వత్తి అంచు తడిపి మెలిపెట్టుకుంది.

వేదవతి వీణ దించి పక్కన పెట్టింది. "బావుంది బాబయ్యగారూ. చక్కటి పాట. కాని ఎవరిదైనా కావచ్చు," అని లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. పెరట్లో బట్టలు ఆరేస్తున్నట్టు చాలాసేపు నిలబడింది. తీగ మీద ఆరేసిన బట్టలేమీ లేవు.

త్ర్యంబకానికి ఆ పూట తిట్లు తప్పవనిపించింది. తిడితే బాగుండుననీ అనిపించింది. గురువుగారు తిట్టలేదు. భోషాణం దగ్గరికి వెళ్లి, వంగి, కాగితాలన్నీ తోడి, అడుగున ఉన్న ఆ మీగడ రంగు కాగితం బయటికి తీసి, దుమ్ము దులిపి, అతని చేతిలోనే పెట్టారు. "ఇదీ ఒకసారి అమ్మాయికి చెప్పు" అన్నారు. అంతకన్న తిట్టినా నయమే అనుకున్నాడు త్ర్యంబకం.

పశ్చాత్తాపం కన్నా ముందు అతనికి వచ్చింది విసుగు. దాచడం దేనికి, ఉన్నదే చెప్పాలి. ఆ పిట్టకాళ్ల కాగితం ముందు పెట్టుకుని ఆవిడకు ఒక్కో గుర్తూ చదవడం నేర్పాడు. చూపుడువేలుతోనే వాయించాలి. ఇక్కడ తీగను ఈడ్చాలి. ఇంకా ఈడ్చాలి. మొదటి రోజే వేదవతి చూపుడువేలి కొసన తీగ కోసుకుంది. నడిమివేలు సున్నా ఉన్న చోటల్లా అలవాటుగా తీగ మీద పడబోయేది. దాన్ని ఎత్తి పట్టుకునేసరికి మణికట్టు దాకా నొప్పి పుట్టేది.

"ఈ వేలు ఎందుకు తమ్ముడూ ఎత్తడం?" అని అడిగింది ఆవిడ.

"తెలీదక్కగారూ," అన్నాడు త్ర్యంబకం. ఆ ఇంట్లో ఆరేళ్లలో అతని నోట ఆ మాట రావడం అదే మొదలు. వచ్చాక నోరు తేలికపడినట్టయింది.

"సరే, ఆయన ఎత్తమన్నారు కదా," అని ఆవిడ మళ్లీ మొదలుపెట్టింది.

ఆ తరవాత రోజుల్లో త్ర్యంబకం ఒక వింత గమనించాడు. ఆవిడ వాయిస్తున్న తీరు మారిపోతోంది. ఒక్క వేలితో అంత దూరం తీగ లాగాలంటే చెయ్యి ఒక్కటే చాలదు, మోచెయ్యి దూరంగా జరగాలి, ఎడమ భుజం దిగాలి, భుజంతో పాటు మెడ వాలాలి. ఎవరూ చెప్పకుండానే ఆవిడ అలా వాలసాగింది. స్వరాలు అవే, అందులో సందేహం లేదు. కాని పాట పక్కింటివాడు పలకరించినట్టు గబగబా రావడం మానేసి, నొప్పిని దాటుకుంటూ మెల్లగా వస్తోంది. తనకు వెన్నలా సాగిందని మురిసిన చోట ఇప్పుడు ఎవరో ఊపిరి బిగబట్టి జాగ్రత్తగా అడుగు వేస్తున్నట్టుంది. ఆ మనిషి ఎవరో త్ర్యంబకానికి తెలియదు. ఆ గదిలో తాము కాక ఇంకొకరున్నారన్నంత వరకే తెలిసింది.

పన్నెండో రోజు. చినుకులు ఆగి ఎండ పలచగా కాసింది. సముద్రం హోరు కూడా ఆ వేళ చాప కింద నుంచి వస్తున్నట్టు మెత్తగా ఉంది. సూరమ్మగారు తిండి తిని, స్తంభానికి ఆనుకుని వత్తుల పళ్లెం ముందు కూర్చుంది. చేతులు పని చేస్తున్నాయి గాని కళ్లు వాలిపోతున్నాయి. వేదవతి ఆవిడకు వినిపించాలని వాయించలేదు, సాధన చేసుకుంటోంది. రెండు వరసలు అయ్యాయి. మూడో వరసలో ఆరింట్లో నాలుగో సున్నా వస్తుంది. ఆవిడ భుజం దించి, తల వాల్చి, చూపుడువేలితో తీగను ఈడుస్తూ, నడిమివేలిని నిటారుగా పైకెత్తి ఉంచింది.

పళ్లెంలో చేతులు ఆగిపోయాయి.

సూరమ్మగారి కళ్లు సగమే తెరిచి ఉన్నాయి. ఆవిడ అలాగే మోకాళ్ల మీద నాలుగడుగులు జరిగి వచ్చింది. తీగ ఇంకా మోగుతోంది, ఆవిడకు అది వినిపించదు. పైకెత్తి ఉన్న ఆ వేలిని రెండు చేతుల మధ్యకు తీసుకుని, వంగి, ఉఫ్ ఉఫ్ అని ఊదింది.

"ఇంకా తగ్గలేదా? తడి తగలనివ్వకండి అంటే వినరు కదా," అంది.

వేదవతి చెయ్యి వెనక్కు తీసుకోలేదు. త్ర్యంబకం గడప దగ్గర చెంబు పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. సూరమ్మగారు ఆ వేలిని తిప్పి చూసింది. మచ్చలేని నున్నటి వేలు. అప్పుడు తలెత్తి కూతురి ముఖం చూసింది. ముసలావిడ ముఖంలో నిద్ర ఒక్కొక్క పొరే ఊడిపోవడం త్ర్యంబకం కళ్లారా చూశాడు. సిగ్గుపడి వేలు వదిలేస్తుందనుకున్నాడు. వదల్లేదు.

"పనసపొట్టు కూర కావాలన్నాను," అంది ఆవిడ. "నువ్వు కడుపులో ఏడో నెల. నేనే అడిగేను. మీ నాన్న ఏనాడూ కత్తి పట్టిన మనిషి కాదు. వేళ్లకి దెబ్బ తగుల్తుందని మామిడికాయైనా కొయ్యరు. ఆవేళ పనిమనిషి రాలేదు. కాయ తెచ్చి తనే పొట్టు కొట్టడానికి కూచున్నారు. ఎముక దాకా దిగిపోయింది."

వేదవతి పెదవులు కదిలించింది గాని మాట రాలేదు. తల్లి ఆ పెదవులను చూసి, అడగని ప్రశ్నకే జవాబు చెప్పింది.

"ఏడవలేదు. రక్తం కారిపోతోంది, నేను కొంగు చింపి కడుతున్నాను, 'సూరీ, పొట్టు సన్నగా వచ్చిందా?' అని అడిగేరు. ముద్దలు ముద్దలుగా ఉంది. సన్నగా వచ్చిందని చెప్పేను." ఆవిడ నవ్వింది. నవ్వుతూండగానే కళ్ల నుంచి నీళ్లు కారాయి, వాటిని తుడుచుకోలేదు. "ఆ వేలు మరి కూడలేదు. నువ్వు పుట్టేవు, అప్పటికీ గుడ్డ కట్టే ఉంది. నువ్వు నిద్రపోవని ఉయ్యాల పక్కన కూచుని, ఆ వేలు ఇలా పైకి పెట్టుకుని, ఒక్క వేలితోనే వాయించేవారు. ఎక్కడైనా తగిలితే 'అబ్బా' అనేవారు. నువ్వు ఉలిక్కిపడేదానివి. అందుకని మరీ పైకెత్తి పట్టుకునేవారు. ఆ విషజ్వరం వచ్చి ఆయన్ని తీసుకుపోకుండా ఉంటే నయమైపోయేదేమో వేలు."

"నాకెప్పుడూ చెప్పలేదేమే అమ్మా?" అంది వేదవతి. అరిచినట్టే అంది, తల్లికి వినిపించదని తెలిసి కూడా.

సూరమ్మగారికి ఆ మాట అందింది. కొంచెంసేపు ఆ వేలినే నిమురుతూ కూర్చుంది.

"రెండేళ్ల కాపురం తల్లీ. చెప్పడానికి ఎంతసేపు? ఒక్క పూటలో అయిపోతుంది. అయిపోతే మరి నాకేముంది?"

తల్లి ఒళ్లో వేదవతి తల పెట్టుకుంది. పత్తి ఆవిడ జుట్టుకు అంటుకుంది. సూరమ్మగారు పత్తి ఏరుతూ, కూతురికి అడగవలసిన పని లేకుండా, ఆయన పొడుగు ఎంతో, నడిస్తే చెప్పుల చప్పుడు ఎలా ఉండేదో, ఉప్పు తక్కువైతే ఏమని వేళాకోళం చేసేవారో చెప్పుకుంటూ పోయింది. పొద్దు వాలింది. చెప్పడం అవలేదు. రాత్రికి వంట త్ర్యంబకమే చేశాడు. పప్పు మాడింది. ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు ఉదయం తల్లీకూతుళ్లు బస్సెక్కారు. మూల కాగితాన్ని వేదవతి తీసుకువెళ్లలేదు. బాబయ్యగారి దగ్గరే ఉండాలని, తనకు నకలు చాలని అంది. ఆ నకలు త్ర్యంబకం తెల్లవారుజామునే లేచి తీసి ఇచ్చాడు. చుక్క మార్చలేదు. ఆరు సున్నాలూ పెట్టాడు. ఆరోది పెడుతున్నప్పుడు కలం ఆగి, తన ఎడమచేతి నడిమివేలు నొప్పి పుట్టినట్టు దాన్ని ఒకసారి ముడిచి చూసుకున్నాడు. లోకంలోని సంగీతమంతా తనకు తెలుసునన్న ధీమా ఆ ఉదయం ఎక్కడో జారిపోయింది. దాని చోట ఏమొచ్చిందో పేరు పెట్టడం అతనికి చేతకాలేదు గాని, దిగులుగా మాత్రం లేదు.

బస్సు కనుమరుగయ్యాక గురుశిష్యులు ఇద్దరూ ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. త్ర్యంబకం చాలాసేపు తటపటాయించి, స్వరాలు వేసి, వేళ్లు దిద్ది తాను మొదట రాసిన ఆ అందమైన నకలును గురువుగారి ముందు పెట్టాడు.

"దీన్ని చింపెయ్యమంటారా?"

నృసింహంగారు దాన్ని అందుకుని, దూరంగా పట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఎక్కడా తప్పు లేదన్నట్టు తలూపారు. మడత పెట్టి మళ్లీ శిష్యుడి చేతికిచ్చారు.

"ఎందుకు చింపడం నాయనా, దాచు. పాట కావలసినవాళ్లూ వస్తూంటారు," అన్నారు.